ఒంటి సిలిండరుకు సాక్షి

మామిడి పూత విచ్చే రోజుల్లో ఐరాల చుట్టుపక్కల తోటల్లో పొద్దున్నే వినబడేది మందు కొట్టే ఇంజన్ల రొద. తేనెమంచు పురుగు పూతను పట్టిందంటే రైతు నాలుగు రోజులు ఆగలేడు. స్ప్రేయరు మొరాయించేదీ అప్పుడే. తాడు లాగి లాగి రెట్టలు పడిపోయాక దాన్ని బండి మీద పెట్టుకుని మెకానిక్ షెడ్డుకు వస్తారు. "అన్నా, తాడు ఊరికే వచ్చేస్తా ఉంది" అంటారు. రోగం సగం ఆ మాటలోనే తెలిసిపోతుంది.

పిస్టన్ పైకి వచ్చేటప్పుడు పెట్రోలు కలిసిన గాలి నలిగి ఎదురు తిరగాలి. తాడు ఒకచోట బిగుసుకోవాలి. ఆ పట్టు లేదంటే గాలి ఎక్కడో జారిపోతోంది. పాత మెకానిక్కులు ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి తాడు లాగిస్తారు. వేలిని ఎగదన్నితే కంప్రెషన్ ఉన్నట్టు, బుస్సుమని ఊరుకుంటే పోయినట్టు. హోసూరులో 1980లో పుట్టిన టీవీఎస్-50 మొదలు ఆర్‌ఎక్స్ 100 దాకా ఎన్నో టూస్ట్రోక్ బళ్ళకు ఈ బొటనవేలే నాడి చూసింది. ఆ విద్య మీద నాకు గొప్ప గౌరవం. అయితే ఇంజన్ మెల్లమెల్లగా అరిగిపోతున్న సంగతి వేలికి అందదు. దానికి కంప్రెషన్ గేజీ కావాలి.

గేజీ అవసరం చిన్న ఇంజన్లకే కాదు. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పడవ పందేలు జరిగాయి. ఆ పడవల వెనక బిగించినవి రెండున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల టూస్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజన్లు. మన వీపున మోసే స్ప్రేయరుది కూడా అదే వంశం. పరీక్షా ఒకటే. ప్లగ్గులన్నీ తీసి, వాటి వైర్లను ఇంజన్ ఒంటికి ఎర్తు చేయాలి. లేకపోతే బయటికి చిమ్మే పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ తగిలే ప్రమాదం ఉంది. ప్లగ్గు రంధ్రంలో గేజీ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పెరగకుండా నిలిచేదాకా ఐదారుసార్లు తిప్పాలి. ఆరు సిలిండర్లున్నప్పుడు ఒకదాన్ని పక్కదానితో పోల్చుకోవచ్చు. తేడా నూటికి పది దాటితే తక్కువ చూపించిన సిలిండరును అనుమానించాలి. స్ప్రేయరుకు ఉన్నది ఒక్కటే సిలిండరు. దాని తరఫున సాక్ష్యం చెప్పేది పోయిన ఏడాది అదే గేజీ చూపిన అంకె ఒక్కటే.

అదే గేజీ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నలభై సీసీల ఇంజనులో పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు ఐదారు సీసీలే. కార్లకు వాడే గేజీ గొట్టంలో 6 మి.మీ. రంధ్రం, 10 సెం.మీ. పొడవు ఉన్నా అది దాదాపు 3 సీసీలు. గాలిని ఆపే వాల్వు గొట్టం కొసన, ప్లగ్గు రంధ్రం దగ్గరే లేకపోతే ఆ మూడు సీసీలూ సిలిండరులో కలిసిపోతాయి. బాగున్న ఇంజన్ కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఎన్ని ఇంజన్లకు అనవసరంగా బోర్ చేయించి ఉంటారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

చిన్న టూస్ట్రోక్ ఇంజనులో సాధారణంగా గేజీ చదరపు అంగుళానికి వంద పౌండ్లు దాటితే ధైర్యంగా ఉండొచ్చు. ఎనభై, తొంభైకి దిగితే స్టార్ట్ కావడానికి ఏడిపిస్తుంది. పందెపు ఇంజనుకు ఈ లెక్క నేరుగా వర్తించదు. వేగం కోసం దాని ఎగ్జాస్టు రంధ్రాన్ని పైకి తొలుస్తారు. పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసేదాకా గాలి నలగదు గనుక, మెల్లగా తిప్పినప్పుడు అంకె తక్కువే వస్తుంది. బలం మాత్రం పరుగులో తెలుస్తుంది.

అంకె తగ్గిందని తేలితే ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి మళ్ళీ చూడాలి. ఇప్పుడు పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే హెడ్డు గ్యాస్కెట్ వైపు చూడాలి. టూస్ట్రోకులో ఇంకో వెసులుబాటు ఉంది. సైలెన్సర్ విప్పితే ఎగ్జాస్టు రంధ్రంలోంచి పిస్టన్ పక్కభాగం, రింగులు కంటికే కనిపిస్తాయి. నిలువు గీతలుంటే దుమ్మైనా దూరి ఉండాలి, 2టి ఆయిల్ తక్కువై సీజైనా అయి ఉండాలి. నల్లటి మసి పేరుకుని రింగు అతుక్కుపోయి ఉంటే శుభ్రం చేస్తే చాలు, బోర్ అక్కర్లేదు. గేజీ బాగా చూపించినా ఇంజన్ నిలవకపోతే క్రాంకు సీళ్ళు చూడాలి. క్రాంకు ఉండే కింది గదిలో గాలి కారితే ఈ గేజీకి తెలియదు.

తేదీ, అంకె, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూశారా వేడిగా ఉన్నప్పుడా అన్నది స్ప్రేయరు ట్యాంకు అడుగున చెరగని ఇంకుతో రాయించుకోవాలి. పూత కోసం ఎదురుచూడకుండా కార్తీకంలోనే ఒకసారి చూపించుకుంటే, రింగులు తెప్పించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.