రొకెయా పనితనం

స్త్రీవాద తత్త్వం అనగానే బరువైన పరిభాష గుర్తొస్తుంది. బేగం రొకెయా సఖావత్ హొస్సేన్ అదేమీ లేకుండానే ఆ తత్త్వాన్ని చెప్పింది. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టి, 1932లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన మనిషి ఆమె.

1905లో ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసులో కమలా సత్యనాథన్ నడిపే 'ఇండియన్ లేడీస్ మేగజీన్'లో అచ్చయింది. అందులో మగవాళ్లది ఘోషా, ఆడవాళ్లది రాజ్యం. భయం మగవాడి వల్ల అయితే తలుపు ఎవరి మీద వేయాలి? ఈ ఒక్క ప్రశ్న మీద కథంతా నిలబెట్టింది. చాలామందికి ఆమె ఈ కథతోనే పరిచయం. నాకు మాత్రం 1931లో పుస్తకంగా వచ్చిన 'అవరోధ్‌బాసిని' అంతకంటే గొప్ప పనిగా తోస్తుంది.

ఘోషా బతుకుల గురించి బెంగాలీలో రాసిన 47 చిన్న ఉదంతాలవి. ఒకటి చూడండి. రచయిత్రికి అత్తవారి వైపు దూరపు చుట్టమైన ఒకావిడ, దాసీని వెంటబెట్టుకుని భాగల్పూర్ నుంచి పాట్నా వెళ్తోంది. కియుల్ స్టేషన్లో బండి మారబోతూ, బురఖా కాళ్లకు చుట్టుకుని పట్టాల మీద పడింది. కూలీలు లేవదీయడానికి పరుగెత్తారు. బీబీగారిని తాకొద్దని దాసీ అడ్డుపడింది. ఒక్కతే లాగలేకపోయింది. అరగంట చూసి బండి కదిలింది.

రొకెయా పంచనామా రాసినట్టు వరస, ఊరు, స్టేషను, సమయం చెప్పుకుంటూ పోతుంది. ఇక్కడే ఉంది ఆమె నేర్పంతా. ఈ చావులో దుర్మార్గుడెవడూ లేడు. కూలీలు మంచివాళ్లే. దాసీ నమ్మకస్తురాలు. బండి అరగంట ఆగింది కూడా. ఆచారాన్ని ఎవరూ మీరలేదు, కాబట్టే ఆవిడ చనిపోయింది. మనుషుల చెడ్డతనాన్ని పక్కకు తీసేసి, కట్టుబాటునొక్కదాన్నే బోనులో నిలబెట్టడం మామూలు తర్కం కాదు.

చివరి ఉదంతం ఆమె బడి బస్సుది. గాలి చొరకుండా నాలుగు వైపులా మూసిన బండి. 'నడిచే చీకటికొట్టు' అన్నారు దాన్ని. లోపల పిల్లలకు వాంతులు. కిటికీలకు తెరలు కట్టిస్తే, అవి గాలికి ఎగిరి పర్దా పోతోందంటూ ఉత్తరాలొచ్చాయి, సరిచేయకపోతే పత్రికలకెక్కిస్తామన్నారు. మూస్తే ఒక ఫిర్యాదు, తెరిస్తే ఇంకొకటి. చాలా ఉదంతాల్లో చూసినవీ విన్నవీ చెప్పినామె ఇక్కడ తానే ఆ రెంటి మధ్యా చిక్కుకుని ఉంది. ఆ ఉదంతాన్ని పుస్తకం చివర పెట్టడం గొప్ప నిజాయితీ.