తూకపు గుండు

తాపీమేస్త్రి చేతినుండి వ్రేలాడు తూకపు గుండును చూచునపుడెల్ల, భౌతికశాస్త్ర గ్రంథములలోని బాణపు గుర్తుల పటములు ఇవ్వజాలని తృప్తి యొకటి నాకు కలుగుచుండును. ఇటుక వరుస లేచిన కొలది అతడు కొయ్యచెక్కను గోడ పైయంచునకు ఆనించి, దాని నడిమి బెజ్జమునుండి దారమును జారవిడిచి, గుండు ఊగుట మానువరకు ఊపిరి బిగబట్టినట్లు నిలుచును. చెక్కకును గుండునకును వెడల్పొక్కటే గనుక, గుండు గోడను తాకియు తాకనట్లున్నచో గోడ నిట్టనిలువు. ఎడముగా నిలిచినచో పైవరుస ముందునకు వచ్చినట్లు. గోడపై ఒరగినచో వెనుకకు పోయినట్లు. రసమట్టములు ఎన్ని వచ్చినను ఎత్తైన గోడకు గుండునే నమ్మవలెనని నా అభిప్రాయము.

ఆ నిలకడలో ఏమియు జరుగుటలేదని తోచును గాని, 400 గ్రాముల గుండును భూమి క్రిందికి లాగుచునే యున్నది, దారము సరిగా అంత బలముతోనే పైకి పట్టుచున్నది; రెండును ఒకే రేఖమీద ఎదురెదురుగా నిలిచినందుననే గుండు కదలకున్నది. మేస్త్రికి కావలసినది ఆ రేఖయే. గాలి వీచు దినమున గుండును నీళ్ల బొక్కెనలో ముంచుట కలదు. ఇనుము నీటికంటె సుమారు 8 రెట్లు బరువు గనుక, నీరు తన వంతుగా 50 గ్రాముల బరువు మోసి, దారపు బిగువును ఆ మేరకు తగ్గించి, ఊపును అణచును. రేఖను మాత్రము వెండ్రుకవాసియైనను కదల్చదు. బలముల పాళ్లు మారినను పొత్తు చెడకుండుట ఎంత సొగసైన విషయము!

ఐనను కొండల దాపున ఆ రేఖయే ఒరుగును. భారతదేశపు మహాత్రికోణమితి సర్వేలో కలియానా, కలియాన్‌పూరుల నడిమి అక్షాంశభేదమును నేలపై కొలిచినప్పుడొకటియు, గుండు దారమునే నిలువుగా గొని నక్షత్రములనుబట్టి చూచినప్పుడు మరొకటియు వచ్చి, 5 కోణపు సెకండ్లకు పైగా తేడా కనబడెను. హిమాలయము గుండును తనవైపు లాగినదని కలకత్తాలోని క్రైస్తవ మతాధికారి ప్రాట్ తలచెను. అనగా అచ్చట గుండుపై పనిచేసినవి రెండు కాదు, మూడు బలములు. మూడును సరిపడిన చోట అది రవంత ఒరిగి నిలిచినది. అయితే ఆయన లెక్క ప్రకారము తేడా 15 సెకండ్లకు మించవలసియుండెను! పర్వతము అంత పెద్దదై యుండియు అంత తక్కువగా లాగుటేమి? 1855లో ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు ఎయిరీ దీనికి సమాధానము చెప్పెను: పర్వతముల అడుగున తేలికైన రాతివేళ్లు లోతునకు దిగి, తమకంటె సాంద్రమైన పదార్థమును ప్రక్కకు నెట్టి అందులో తేలుచున్నవి, ఆ పదార్థపు ఒత్తిడియే పర్వతభారమునకు సరితూగి దానిని మోయుచున్నది; ఆ వేళ్ల తేలికదనమే పర్వతపు లాగును తగ్గించినది.