మూడక్షరాలు తీసిన చెయ్యి

కాగజ్‌నగర్‌లో మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డ హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్‌ఎఫ్) ఆవు ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. తెల్ల మచ్చ మీద ఆనే చెయ్యి నల్ల మచ్చ మీద ఆనదు. నలుపు ఎండను తాగుతుంది. ఒంట్లో వేడి పెరిగిన ఆవు మేత తగ్గిస్తుంది, ఆ వెంటే పాలూ తగ్గుతాయి.

న్యూజిలాండ్‌లోని ఆగ్‌రీసెర్చ్ సంస్థలో గెట్స్ లైబ్లే బృందం ఆ నలుపును పలచన చేయాలనుకుంది. 2021లో వెలువడిన ఆ పనిలో నన్ను ఆకట్టుకున్నది దాని పొదుపు.

వెంట్రుకను నల్లబరిచే మెలనిన్ కణంలో ఊరికే తేలుతూ ఉండదు. పీమెల్ అనే ప్రొటీన్ సన్నని పోగులుగా ఏర్పడితే, వాటిని పట్టుకుని పేరుకుంటుంది. గుజ్జు కాగితమయ్యే కాగజ్‌నగర్ వాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: నార తీరు మారితే సిరా పట్టే తీరూ మారుతుంది. లైబ్లే బృందం సిరా జోలికి పోకుండా నార దగ్గర పని పెట్టుకుంది.

ఆ మార్పునైనా కొత్తగా కల్పించలేదు. స్కాట్లాండ్ చలికొండల్లో పెరిగే హైలాండ్, గాలోవే పశువుల్లో పీమెల్ జన్యువులో మూడు డీఎన్‌ఏ అక్షరాలు లోపించినవి ఉన్నాయి. వాటి రంగు వెలిసినట్టు ఉంటుంది. సంకరం చేసి ఆ లక్షణం తేవచ్చు గాని, దానితోపాటు పాల దిగుబడిని తగ్గించే గుణాలూ వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి తరాలు పడతాయి.

అందుకని క్రిస్పర్ కత్తెర పట్టారు. ఆవు జన్యురాశిలో సుమారు 270 కోట్ల అక్షరాలుంటాయి. వాటిలో ఒక్క చోటు వెతికి కోశారు. ఆ మూడక్షరాలు లేని డీఎన్‌ఏ ముక్కను మాదిరిగా అందిస్తే, కణం దాన్ని చూసి తన కోతను తానే అతికించుకుంది. తల్లి నుంచి వచ్చిన జన్యు ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ మారిన కణాన్ని ఏరి, క్లోనింగ్‌తో పిండాలు చేసి ఆవుల గర్భంలో నిలిపారు.

పుట్టిన రెండు దూడల్లో తెలుపు తెలుపుగానే ఉంది. నల్లగా ఉండాల్సిన చోటల్లా వెండి మెరుపున్న బూడిద రంగు వచ్చింది. తర్వాత జన్యురాశి మొత్తం చదివి చూస్తే, కత్తెర మరోచోట కోసినట్టు ఆనవాలు దొరకలేదు.

దూడలు మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. ఒకటి పుట్టిన కొద్దిసేపటికే పోయింది. రెండోది బొడ్డు దగ్గర చీము పట్టి నాలుగు వారాలకు పోయింది. క్లోనింగ్‌లో ఇలాంటి నష్టాలు మామూలే. కాబట్టి వేడి తగ్గిందా, పాలు నిలిచాయా అన్నది ఆ రెండు దూడలు చెప్పలేకపోయాయి. అది పెరిగి ఈనిన ఆవు మీద, మన మే నెలలాంటి ఎండలో తేలాలి. అంతవరకు మెచ్చుకోవలసింది ఎక్కడ కోయాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన ఆ చేతినే.