అందరికీ తెలిసిన పట్టు

సావోరి యోషిదా గోదాలోకి దిగితే ఏం చేయబోతోందో అవతలి అమ్మాయికి ముందే తెలుసు. కాళ్లకు వస్తుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. తెలిసీ ప్రత్యర్థులు ఆపలేకపోయారు. 2002 నుంచి 2015 దాకా 13 ప్రపంచ కుస్తీ చాంపియన్‌షిప్‌లు, మధ్యలో ఏథెన్స్, బీజింగ్, లండన్ ఒలింపిక్ స్వర్ణాలు. ఆ రెండు వేదికల మీద వరుసగా 16 టైటిళ్లు ఈ జపాన్ అమ్మాయివే.

కాళ్లు పట్టి పడగొట్టే ఆ టాకిల్ చూడ్డానికి ఒక్క దూకుడులా ఉంటుంది గానీ, అందులో చాలా పని ఉంది. నడుం వంచి, మోకాళ్లు కుదించి నిలబడాలి. ప్రత్యర్థి చేతిని కిందికి గుంజి వదిలితే ఆమె అసంకల్పితంగా తల పైకెత్తుతుంది, బరువు మడమల మీదికి పోతుంది. అదీ అదను. ముందడుగు ఆమె రెండు పాదాల మధ్య పడాలి, మోకాలు మ్యాట్‌కు తగిలీ తగలకుండా జారాలి. తల వాలకూడదు, చెవి ఆమె పక్కటెముకలకు ఆనాలి. వాలిందా, మెడ అప్పజెప్పినట్టే. చేతులు ఆమె మోకాళ్ల వెనక్కి చేరాక ఇక ఆగకుండా తోసుకుపోవడమే. పడగొట్టి అదుపులోకి తెచ్చుకుంటే 2 పాయింట్లు, నిలబడ్డ మనిషిని ఏకంగా వెల్లకిలా పడేస్తే 4, రెండు భుజాలూ మ్యాట్‌కు నొక్కిపెడితే ఆట అక్కడితో సరి. కబడ్డీలో కూతకొచ్చినవాడి తొడలకు పడి ఎత్తిపడేయడం చూసినవాళ్లకు ఇందులో సగం అర్థమవుతుంది. మిగతా సగం ఆ అదను కనిపెట్టడంలో ఉంది. చాలామంది ముందు చేతులు కలిపి, పెనుగులాడి, తర్వాత కాళ్లకు పోతారు. యోషిదా దూరం నుంచే దూసుకొచ్చేది.

ఈ విద్య ఇంట్లోదే. తండ్రి ఎయికాత్సు ఒకప్పటి జాతీయ చాంపియన్. మియె ప్రాంతంలోని ఇంటి దగ్గరే శిక్షణశాల పెట్టి పిల్లలకు నేర్పేవాడు. మూడేళ్లకే కూతుర్నీ అందులోకి దింపాడు. ఆయన పాఠం ఒకటే: కాచుకు కూర్చోవద్దు, మీదికి వెళ్లు. చిన్నప్పుడు ఒక అబ్బాయి చేతిలో ఓడి, వాడి మెడలోని పతకం తనకూ కావాలని ఏడిస్తే, అది కొట్లో దొరికేది కాదని చెప్పాడట.

అయితే మీదికి వెళ్లేవాళ్లకు ఎదురుదెబ్బ భయం ఎప్పుడూ ఉంటుంది. 2008 జనవరిలో చైనాలోని తైయువాన్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో అమెరికా అమ్మాయి మార్సీ వాన్ డ్యూసెన్ ఆ టాకిల్‌నే తిప్పికొట్టి పాయింట్లు రాబట్టింది. 119 గెలుపుల వరస అక్కడ తెగింది. ఇంకొకరైతే ఆ పట్టు వదిలేసి జాగ్రత్తపడేవారేమో. తండ్రీకూతుళ్లు దాన్నే మళ్లీ సానబెట్టారు. ఏడు నెలలకు బీజింగ్ ఫైనల్లో చైనాకే చెందిన షు లి భుజాలు మ్యాట్‌కు ఆనించింది. 2012 మేలో టోక్యోలో తనను ఓడించిన రష్యా అమ్మాయి వలేరియా జోలొబోవాను మూడు నెలలు తిరక్కుండానే లండన్ సెమీస్‌లో ఓడించింది. అక్కడ స్వర్ణం గెలిచాక తండ్రిని భుజాల మీద ఎక్కించుకుని మ్యాట్ మీద తిరిగింది. పదహారు టైటిళ్ల లెక్క కన్నా నాకు ఈ రెండు తిరుగుదెబ్బలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. 2014 మార్చిలో ఎయికాత్సు హఠాత్తుగా పోయారు. కొద్దిరోజులకే టోక్యోలో ప్రపంచ కప్. ఆమె బరిలో దిగింది, జపాన్ గెలిచింది.

ఇక రియో ఒలింపిక్స్. 2016 ఆగస్టు 17న, ఆమె చదివిన షిగాక్కన్ విశ్వవిద్యాలయం నుంచే వచ్చిన ఎరి తొసాకా, కావోరి ఇచో, సారా దోషో ముగ్గురూ ఫైనల్స్‌లో వెనకబడి, ఆఖరి నిమిషంలో పుంజుకుని స్వర్ణాలు పట్టుకెళ్లారు. మర్నాడు 53 కిలోల ఫైనల్లో యోషిదాకు ఎదురుగా అమెరికా అమ్మాయి హెలెన్ మరూలిస్. 2012 ప్రపంచ ఫైనల్లో ఇదే యోషిదా చేతిలో భుజాలు నేలకానించుకున్న మనిషి. ఈసారి చేతులతో ఆమెను కట్టిపడేసి, దూసుకొచ్చేందుకు చోటే ఇవ్వలేదు. మొదటి మూడు నిమిషాల్లో యోషిదాదే 1-0 ఆధిక్యం. రెండో భాగంలో మరూలిస్ వెనక్కి చేరి 2 పాయింట్లు తీసుకుంది. చివరికి 4-1. రెండో స్థానానికి వచ్చినందుకు యోషిదా వెక్కి వెక్కి ఏడుస్తూ దేశానికి క్షమాపణ చెప్పింది. నిజానికి ఒకే పట్టును కాచుకోవడానికి ప్రత్యర్థి ఏళ్ల తరబడి తయారవ్వాల్సి వచ్చిందంటే, ఆ పట్టుకు అంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంటుంది?