విన్‌స్టన్ కూర్చున్న మూల

ఆఫీసు లాప్‌టాప్‌లో నిఘా గురించి మాట వస్తే చాలు, మా టీములో ఎవరో ఒకరు "బిగ్ బ్రదర్" అంటారు. అన్నవాళ్ళలో జార్జ్ ఆర్వెల్ '1984' చదివినవాళ్ళు తక్కువే. నేనూ మొన్నటిదాకా చదవలేదు. చోడవరంలో మా ఇంటినుంచి పనిచేస్తుండగా, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వేస్తున్నామని కంపెనీ మెయిల్ పెట్టింది. ఆ వారమే చదివాను. 1949లో వచ్చిన ఈ నవలలో నన్ను పట్టి ఆపింది ఒక గది మూల.

విన్‌స్టన్ గదిలో టెలిస్క్రీన్ మామూలుగా ఉండే గోడకి ఉండదు. అందుకే గూడులాంటి చిన్న చోటు, బహుశా పుస్తకాల అరల కోసం కట్టింది, దాని చూపుకి అందదు. అక్కడే డైరీ మొదలుపెడతాడు. మనకీ కాస్త ఊపిరాడుతుంది. తీరా చివరికి, ఏడేళ్ళుగా వాళ్ళు అతన్ని గమనిస్తూనే ఉన్నారని తెలుస్తుంది. డైరీ అట్ట మీది దుమ్ము రేణువుని కూడా తీసి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెట్టారట!

గది వాళ్ళదైతే మూల కూడా వాళ్ళదే. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో సరిగ్గా అలాంటి మూలే. స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్‌కి ఏ విండో అయినా ఒకటే. కంపెనీ సొంత సర్టిఫికెట్ అందులో ఉంటే, తాళం గుర్తున్న సైట్లో టైపు చేసింది కూడా చదవొచ్చు.

టెలిస్క్రీన్ ముందు విన్‌స్టన్ ముఖానికి ప్రశాంతమైన ఆశాభావం తగిలించుకుంటాడు. మన కాలంలో ఆ ముఖం పేరు మౌస్ జిగ్లర్. కీబోర్డు వాడుతున్నట్టు నటించారని 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. కొలిచేది కదలికనైతే జనం ఇచ్చేదీ కదలికే.

ఆర్వెల్ మనకి సరిపోని చోట్లు రెండున్నాయి. ఒకటి, టెలిస్క్రీన్ ఎవరి సంతకమూ అడగలేదు. మనం "ఐ అగ్రీ" నొక్కుతాం. ఆ నొక్కుడు కూడా లాంఛనమే. ఉద్యోగ అవసరాలకీ, యజమానిని నష్టం నుంచి కాపాడ్డానికీ డేటా వాడితే విడిగా సమ్మతి అక్కర్లేదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 7వ సెక్షన్ చెప్తోంది.

రెండోది నాకింకా పెద్దది. విన్‌స్టన్ ఒంటరివాడు. మా ఇంట్లో అమ్మ ఉంది. "ఒరే, మీ ఆఫీసోళ్ళు మనింట్లో సంగతులు కూడా సూస్తారేటి?" అనడిగింది. అమ్మ ఫోన్లో చూసేది అంత తేలిగ్గా అందదని చెప్పాను. కానీ ఒకే వైఫైలో ఉన్న టీవీ, ప్రింటరు తమ పేర్లు తామే చాటుకుంటాయి, ఆ లాప్‌టాప్ వినగలదు. అమ్మ ఏ పాలసీ మీదా సంతకం పెట్టలేదు.

ఆ రాత్రి రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, మిగతా పరికరాలు అందులోవాటికి కనపడకుండా ఐసొలేషన్ పెట్టి, ఆఫీసు లాప్‌టాప్‌ని అందులోకి పంపేశాను. సొంత పనులన్నీ సొంత ఫోన్లోనే. పది నిమిషాల పని. విన్‌స్టన్ వాళ్ళ గదిలో మూల వెతుక్కున్నాడు, నేను వాళ్ళ గదిని మా ఇంట్లో ఒక మూలకి నెట్టాను.

పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళి కూర్చోవాలి. ముఖం సర్దుకుని.