చెవికి కథ, చేతికి పని

మా అమ్మమ్మ రేడియో నాటకం కోసం పని మానుకుని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, కూర తరుగుతూనో, బట్టలు మడత పెడుతూనో వినేది. తర్వాత కథేమిటని అడిగితే ఏ పాత్ర గొంతు ఎక్కడ జీరబోయిందో కూడా చెప్పేది. ఆమె ఒంట్లో ఆ వేళ తీరికగా ఉన్నవి చెవులు మాత్రమే. ఆ తీరికకి ఒక వెల ఉంటుందని, దాన్ని కొనుక్కునే వాళ్ళుంటారని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. అదీ 1949లో చికాగో నుంచి ప్రసారమైన ఒక సీరియల్ గురించి చదువుతున్నప్పుడు.

దాని పేరు 'దీజ్ ఆర్ మై చిల్డ్రన్'. 'వీళ్ళు నా పిల్లలు' అని. ఎన్‌బిసి దాన్ని 1949 జనవరి 31న మొదలుపెట్టింది. చికాగోని తూర్పుతీరంతో కలిపే టెలివిజన్ కేబుల్ వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది. వారానికి ఐదు రోజులు, రోజుకి పావుగంట, పగటిపూట ప్రత్యక్ష ప్రసారం. కథ మిసెస్ హెనెహాన్ అనే ఐరిష్ వితంతువుది. అద్దెకి గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడుపుకుంటూ, ముగ్గురు పిల్లల్నీ కొత్తగా వచ్చిన కోడల్నీ ఓ దారికి తేవడానికి ఆమె పడే అవస్థలే కథంతా.

దాదాపు నెల రోజులకే అది ఆగిపోయింది. నటులు నల్లబల్ల మీద రాసిపెట్టిన సంభాషణల వైపు చూస్తూ మాట్లాడేవాళ్ళట. దానితో ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు కనిపించేవాళ్ళు. ఇలాంటి కార్యక్రమానికి టెలివిజన్‌లో చోటే లేదని, దీనికంటే ఖాళీ తెర నయమని ఒక పత్రిక రాసేసింది. ఆ మాట చదివి నేను నవ్వాను. ఆ వెంటనే సిగ్గుపడ్డాను. నా సిద్ధాంత గ్రంథంలో స్త్రీల సీరియల్ నవలలకి నేనిచ్చిన చోటు ఒక్క పేరా. 'కాలక్షేప సాహిత్యం' అని దాటేశాను. ఎవరి కాలం, ఎలా క్షేపమవుతోందని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఈ సీరియల్ రాసిన ఇర్నా ఫిలిప్స్‌కి ఆ ప్రశ్న బాగా తెలుసు. 1930లో చికాగో రేడియోలో 'పెయింటెడ్ డ్రీమ్స్'తో ఈ ప్రక్రియకి దారి వేసిన మనిషి ఆమె. అందులోనూ ఒక వితంతు తల్లే కేంద్రం. ఆ పాత్రకి గొంతునిచ్చింది కూడా ఆమే. టెలివిజన్ వస్తోందని అందరూ ఉత్సాహపడుతున్న 1948లో ఆమె మాత్రం పగటి సీరియల్‌కి అందులో భవిష్యత్తు కనిపించడం లేదని ప్రాయోజకులకి ఉత్తరం రాసింది. తెరకేసి అదేపనిగా చూడనవసరం లేకుండా, వింటూ కథని అనుసరించే పద్ధతి ఏదో కనిపెడితే తప్ప లాభం లేదంది. చూడాలంటే పని ఆపాలి. ఇంటి పని ఆగేది కాదు కదా!

ఇంట్లో స్త్రీ చేసే చాకిరీ ఒక కళారూపం వ్యాకరణాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఆ ఉత్తరంలో తెలుస్తుంది. సోప్ ఒపేరాల్లో మనం ఎగతాళి చేసేవన్నీ ఒకసారి గుర్తు చేసుకుందాం. చెప్పిందే చెప్పడం, నిన్నటి సంగతి ఇవాళ మరో పాత్ర నోట మళ్ళీ వినిపించడం, కథ అంగుళం కూడా కదలకపోవడం. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్ళి వచ్చే మనిషి కోసం అల్లిన కథ అది. ఆమె వచ్చేదాకా ఆగుతుంది. కుర్చీలో కదలకుండా కూర్చోగలిగిన పాఠకుడి కొలతతో దాన్ని కొలిచి లోపమన్నాం.

అలాగని మురిసిపోవడానికీ లేదు. కథ ఆగింది ఆమె మీద దయతో కాదు, సబ్బు అమ్ముకోవడానికి. 'సోప్' అన్న పేరే సబ్బుల కంపెనీల ప్రాయోజకత్వం నుంచి వచ్చింది. ఆమె పని మానకుండానే ఆమె చెవిని కొనుక్కునే ఏర్పాటు ఇది.

ఇక మిసెస్ హెనెహాన్. ఆమె బతుకుతెరువు గురించి ఆలోచిస్తుంటే నాకు 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆమే వితంతువే. ఆమే డబ్బు తీసుకుని వండి పెట్టేదే. ఊరు ఆమెని వృత్తి పేరుతోనే పిలిచింది. ఆమెకి పిల్లలు లేరు, కోరికలున్నాయి. అందుకే ఆమె నవ్వులపాలయింది. మిసెస్ హెనెహాన్‌ది పోయిన భర్త ఇంటిపేరు. సీరియల్ శీర్షిక నిండా ఆమె పిల్లలు. వండటం, వడ్డించడం, గదులు సర్దడం, అద్దె లెక్కలు చూసుకోవడం - ఈ పనులన్నీ మాతృత్వం కిందికి వస్తే ఆమె పూజనీయురాలవుతుంది. బతకడానికి చేసే పనిగానే మిగిలితే ఊరి నోట్లో పడుతుంది. రెండు చోట్లా వితంతువు శ్రమని శ్రమగా చూసే కన్ను లేదు.

అయినా మగ యజమాని లేని ఇల్లు రోజూ నడుస్తున్నట్టు చూపించడం చిన్న విషయం కాదు. ఇర్నాకి ఆ ఇల్లు ఊహ కాదు. ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి పోతే తల్లి పెద్ద సంసారాన్ని ఈదుకొచ్చింది. ఆ యూదు తల్లినే ఆమె ఐరిష్ అమ్మలుగా మార్చి మళ్ళీ మళ్ళీ రాసుకుంది. తల్లి 1938లో పోతే, ఆమె పోలికలతో నడిచిన 'టుడేస్ చిల్డ్రన్'ని ఆపేసింది. పెళ్ళి చేసుకోకుండా, ఇద్దరు పిల్లల్ని దత్తు తీసుకుని, రాతతో లక్షలు గడించిన ఈ మనిషి తన నాయికలకి మాత్రం ఇల్లే సార్థకమని చెప్పింది. ఈ వైరుధ్యాన్ని కపటం అనలేను. తను దాటొచ్చిన గడపనే తిరిగి తిరిగి రాయడం మన రచయిత్రులకీ కొత్త కాదు.

'పెయింటెడ్ డ్రీమ్స్' తనదేనంటూ ఇర్నా రేడియో స్టేషన్ మీద ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి ఓడిపోయింది. జీతమిచ్చి రాయించుకున్నారు గనక అది స్టేషన్ ఆస్తి. అమ్మ కథ, తన గొంతు, తన రాత. చట్టం దృష్టిలో ఏదీ తనది కాలేదు. ఆ తర్వాత పుట్టిన సీరియల్‌కి 'వీళ్ళు నా పిల్లలు' అన్న పేరుని నేను తల్లి మాటగా మాత్రమే చదవలేకపోతున్నాను.

ఇర్నా ఓటమితో ఆగిపోలేదు. 1937 నుంచి రేడియోలో నడుస్తున్న ఆమె 'గైడింగ్ లైట్' 1952లో టెలివిజన్‌కి వచ్చి 2009 దాకా సాగింది. మొదటి నాలుగేళ్ళు రేడియోలోనూ కొనసాగింది. చూడలేని వాళ్ళు వినడం మానలేదు.

నా సిద్ధాంత గ్రంథంలోని ఆ ఒక్క పేరాని ఇప్పుడు మళ్ళీ రాయాలి. వంటింటి నుంచి వింటున్న మనిషి చేతుల్లో ఏముందన్న దగ్గర మొదలుపెడతాను. మా అమ్మమ్మ చేతుల్లో అయితే చేట ఉండేది.