చిన్న తెరపై బటన్: ఒక లైబ్రరీ గుణదోషాలు

మైక్రోకంట్రోలర్‌కు కలిపిన తెరపై మీరు చూసే బటన్ నిజంగా ఒక వస్తువు కాదు. అంచులు గుండ్రంగా ఉన్న ఒక దీర్ఘచతురస్రం, అందులో ఒక పేరు, వేలు ఆ హద్దుల లోపల ఉందో లేదో చూసే ఒక లెక్క. ఈ మూడింటినీ కలిపి మనం బటన్ అంటున్నాం. అడాఫ్రూట్ సంస్థ వారి జీఎఫ్ఎక్స్ లైబ్రరీలో ఈ పనికి ఒక చిన్న క్లాసు ఉంది. ఆర్డుయినో నేర్చుకునేవారు చాలామంది మొదట వాడేది దీన్నే. మీరు కూడా ప్రాజెక్టులో వాడే అవకాశం ఉంది కాబట్టి, దాన్ని ఎలా వాడాలన్నదానికంటే అది ఎలా కట్టబడిందో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందు జ్ఞాపకం లెక్క చూడండి. ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్‌కు ఉన్న ర్యామ్ 2,048 బైట్లు. 240 × 320 పిక్సెళ్ల తెరపై ఒక్కో పిక్సెల్ రంగుకు 2 బైట్లు చొప్పున మొత్తం బొమ్మకు 1,53,600 బైట్లు కావాలి. అంటే ఉన్నదానికి సరిగ్గా 75 రెట్లు. అందువల్ల ఈ లైబ్రరీ తెర నకలును తన దగ్గర ఉంచుకోదు, గీసినదాన్ని నేరుగా తెరకే పంపి మరిచిపోతుంది. ఒక్కో బటన్‌కు అది దాచుకునేది ఊనోపై సుమారు 30 బైట్లు మాత్రమే.

ఈ పొదుపు నుంచే క్లాసు స్వభావం పుట్టింది. డ్రాబటన్ గీస్తుంది. కంటెయిన్స్ మీరిచ్చిన బిందువు హద్దుల్లో ఉందో లేదో చెబుతుంది. ప్రెస్ ఇప్పటి స్థితిని, అంతకుముందు స్థితిని గుర్తుంచుకుంటుంది. ఆ రెండు స్థితులను పోల్చి జస్ట్‌ప్రెస్డ్, జస్ట్‌రిలీజ్డ్ జవాబిస్తాయి. వీటిలో ఏదీ మరొకదాన్ని పిలవదు. వేలు ఎక్కడుందో చదవడం, ఆ విలువను పిక్సెళ్లలోకి మార్చడం, లూప్ తిరిగిన ప్రతిసారీ ఒక్కసారే ప్రెస్‌ను పిలవడం, నొక్కిన బటన్‌ను రంగులు తారుమారు చేసి మళ్లీ గీయడం, ఇవన్నీ మీ బాధ్యతే. దీన్ని అసంపూర్ణత అనేవారున్నారు. నా దృష్టిలో ఇది ఈ క్లాసులోని మంచి గుణం. ఎందుకో కాసేపట్లో చూస్తారు.

అయితే ఈ విడివిడితనానికి మూల్యం ఉంది. రెసిస్టివ్ స్పర్శ తెరపై వేలు ఆనించి ఉంచినా, మధ్యలో ఒక్క రీడింగు తప్పిపోవచ్చు. ప్రెస్‌కు ఆ క్షణంలో "విడిచారు" అని తెలుస్తుంది, మరుక్షణం "నొక్కారు" అని తెలుస్తుంది. ఒక్క నొక్కుడు రెండుగా లెక్కకు వస్తుంది. ఆ బటన్ రిలేను ఒకసారి వేసి మరోసారి ఆపేదైతే, పొలంలో మోటారు ఇలా తిరిగి అలా ఆగిపోతుంది. వడపోత క్లాసులో లేదు. వరుసగా నాలుగైదు రీడింగులు ఒకే జవాబిచ్చాకే ప్రెస్‌కు తెలియజేసేలా మీరే రాసుకోవాలి.

ఇక అసలు దోషం పేరు దగ్గర ఉంది. పేరు కోసం క్లాసు 10 బైట్లు కేటాయించింది. చివరి బైటు ముగింపు గుర్తుకు పోగా 9 మిగులుతాయి. ఇంగ్లీషులో టెంపరేచర్ అన్న మాటకు 11 అక్షరాలు. చివరి రెండూ తెగిపోతాయి. కంపైలర్ హెచ్చరించదు, ప్రోగ్రామ్ ఆగదు. తక్కువ ఇవ్వడం తప్పు కాదు, చెప్పకుండా కత్తిరించడం తప్పు. పైగా పేరును మధ్యలో నిలపడానికి ఒక్కో బైటుకు 6 పిక్సెళ్ల వెడల్పు అనుకుని లెక్క కడుతుంది. మీరు వేరే ఫాంటు పెడితే పేరు పక్కకు, పైకి జరిగిపోతుంది.

తెలుగుకు వచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దది. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. "ఆపు" అన్న మాట సరిగ్గా 9 బైట్లు, అంటే పడుతుంది. "మొదలు" 15 బైట్లు, "మొద" దగ్గర తెగుతుంది. పట్టినా లాభం లేదు. లైబ్రరీ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా గీస్తుంది కాబట్టి "ఆపు" బదులు సంబంధం లేని తొమ్మిది గుర్తులు కనిపిస్తాయి. ఒత్తుల సంగతి చెప్పనక్కరలేదు. చదువు తెలుగుతోనే ఆగిన రైతుకో, నేతపనివారికో మీరు పరికరం చేస్తుంటే ఇది చిన్న లోపం కాదు.

ఇక్కడే ఆ విడివిడితనం అక్కరకు వస్తుంది. పేరు స్థానంలో ఖాళీ ఇచ్చి డ్రాబటన్‌తో పెట్టె మాత్రమే గీయించండి. దానిపై "మొదలు" అన్న మాటను బొమ్మగా డ్రాబిట్‌మ్యాప్‌తో వేయండి. 64 × 24 పిక్సెళ్ల ఒక రంగు బొమ్మకు 192 బైట్లు చాలు, అవి కూడా ర్యామ్‌లో కాక 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో ఉంటాయి. కంటెయిన్స్, ప్రెస్ యథాతథంగా పనిచేస్తాయి, ఎందుకంటే బటన్‌పై ఏముందో వాటికి పట్టదు. నొక్కినప్పుడు రంగులు తారుమారైన పెట్టెపై బొమ్మను కూడా రెండో రంగుతో మళ్లీ గీయాలని మరవకండి. లేకపోతే వేలు పెట్టగానే పేరు మాయమవుతుంది.

అభ్యాసం: "ఆపు", "మొదలు", "నీరు" అన్న మూడు బటన్లను ముందు పేర్లుగా, తర్వాత బొమ్మలుగా గీసి చూడండి. రెండుసార్లూ ఎంత ర్యామ్ మిగిలిందో రాసుకోండి.